కిక్కిరి గుళికలు

పట్టాభి బావగారు రెండు రోజులుండి వెళదామని కార్తీకమాసంలో వచ్చారు. మాఘం వచ్చేసింది. ఆయన ట్రంకుపెట్టె ముందుగదిలో కిటికీ కిందే ఉంది. దాని మీద దుప్పటి పరిచి, దుప్పటి మీద రేడియో పెట్టి, రేడియో మీద కళ్ళజోడు పెట్టుకోవడం అలవాటు చేసుకున్నారు కాబట్టి అది ఇక ప్రయాణం సామాను కాదని, ఇంటి సామానేనని హైమవతి నిర్ధారించుకుంది.

ఆయన హైమవతి భర్త సోమసుందరానికి పెదనాన్నగారి కొడుకు. మనిషి చెడ్డవాడనడానికి వీల్లేదు. ఆ మాట అనడానికి సందు దొరకాలి కదా, ఆయన మాట ఆపితేగా! వంకాయ వండితే కాకరకాయ ఆరోగ్యం అంటారు. కాకరకాయ వండితే వంకాయ రుచిని తలుచుకుంటారు. రెండూ వండిన రోజున, "ఇంతమందికి ఇన్ని కూరలేమిటమ్మా, దుబారా!" అన్నారు. అంటూనే రెండూ మారు వడ్డించుకున్నారు.

బావగారిని మినహాయిస్తే ఆ ఇంట్లో ఉండేది ముగ్గురూ ఒక పిల్లీ. సోమసుందరం వేండ్రపాలెం వరి పరిశోధన కేంద్రంలో ఎలుకల విభాగం చూస్తాడు. ఊరివాళ్ళు ఎదురుగా సైంటిస్టు గారనీ, వెనకాల ఎలకల సోముడనీ అంటారు. హైమవతి జువాలజీలో బీయస్సీ చేసింది. ఆ చదువు చేపలు బాగుచేసేటప్పుడు తప్ప అక్కరకు రాలేదని తనే అంటుంది. మూడో మనిషి అచ్చాయమ్మ గారు, సోమసుందరం మేనత్త. తల్లి లేని మేనల్లుణ్ణి పెంచింది ఆవిడే. అతనికి పెళ్ళయ్యాక కొత్తకోడలికి అన్నం కలిపి ముద్దలు పెట్టిందీ, తర్వాత్తర్వాత ఆ కోడలికి పిల్లలు లేరని ఎవరైనా దీర్ఘం తీస్తే వాళ్ళ నోరు మూయించిందీ కూడా ఆవిడే. పిల్లి పేరు దొరసాని.

శనివారం అచ్చాయమ్మ గారి తలంటు. తలంటాక కుంపట్లో నిప్పుల మీద సాంబ్రాణి వేసి, పైన వెదురుబుట్ట బోర్లించి, దాని మీద జుట్టు ఆరబెట్టడం ఆవిడకు జన్మహక్కు. సాంబ్రాణి అయిపోయిందని హైమవతి మొగుడికి చెప్పీ చెప్పీ విసిగిపోయి ఉంది. ఆ పొద్దున పొయ్యి పక్క అలమరలో, సాంబ్రాణి డబ్బా ఉండే చోట, పసుపుపచ్చటి పలుకులతో ఒక గాజుసీసా కనబడింది. పోనీలే, తెచ్చినట్టు చెప్పకపోయినా తెచ్చాడు అనుకుంది. పెళ్ళయిన ఇన్నేళ్ళకు తను చెప్పిన వస్తువు మొగుడు తెచ్చాడన్న సంతోషంలో ఒక పలుకు ఎక్కువే వేసింది.

పొగ బాగానే వచ్చింది. వాసన మాత్రం సాంబ్రాణిలా లేదు. వానలో తడిసిన జనం కిక్కిరిసిన బస్సులో ఉండే వాసన, కాస్త దూరం నుంచి.

ఇంకో గంటకి పట్టాభి బావగారు వంటింటి గుమ్మంలోకి వచ్చారు. రేడియో చంకలో ఉంది.

"అమ్మా హైమవతీ, ఈ ఇల్లు ఇంత ఇరుగ్గా ఉండేదా ఇదివరకు?"

"ఇరవయ్యేళ్ళుగా ఇంతే ఉందండి బావగారూ."

"గోడలు దగ్గరికి జరిగినట్టు లేవూ? ఊపిరాడ్డం లేదమ్మా. ఎటు చూసినా మనుషులే."

హైమవతి అటూ ఇటూ చూసింది. తనొక్కతే ఉంది.

"నే వెళ్ళొస్తానమ్మా. మధ్యాహ్నం బస్సు అందుకుంటాను. తణుకులో మా చిన్నాన్న కొడుకు ఎప్పట్నుంచో రమ్మంటున్నాడు."

భోజనం కూడా చెయ్యకుండా వెళ్ళిపోయారు. ఆయన వెళ్ళినందుకు కాదు, భోజనం చెయ్యకుండా వెళ్ళినందుకు హైమవతి నిర్ఘాంతపోయింది. పెరట్లోకి వెళితే అచ్చాయమ్మ గారు ఆరీ ఆరని జుట్టుతో చింతచెట్టు కింద ఒంటరిగా కూర్చుని ఉన్నారు.

"అక్కడే ఆగవే. దగ్గరికి రాకు, చిరాగ్గా ఉంది," అన్నారావిడ.

హైమవతికీ ఏదో చిరాగ్గానే ఉంది. ఎండలు ముదురుతున్నాయనుకుంది. సాయంత్రం సోమసుందరం ఇంటికొచ్చి, మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళి, అక్కడి నుంచి కేక పెట్టాడు.

"ఈ సీసా మూత ఎవరు తీశారూ?"

"నేనే. సాంబ్రాణి వేశాను అత్తయ్యగారికి."

"సాంబ్రాణా? హైమా, అది కిక్కిరి!"

"మరి కిక్కిరిని తెచ్చి సాంబ్రాణి చోట ఎందుకు పెట్టారు?"

"తేమ తగలకూడదు. ఇంట్లో తేమ తగలనిది పొయ్యి పక్కే కదా అని…"

"నేను తెమ్మన్న సాంబ్రాణి ఏదీ?"

సోమసుందరం మంచినీళ్ళు తాగాడు. చాలాసేపు తాగాడు.

* * *

పెళ్ళయిన కొత్తలో సోమసుందరం భార్యకు చెప్పిన మొదటి ప్రేమకబురు ఎలుకల గురించే. ఏ జీవుల గుంపుకైనా నాలుగు తలుపులుంటాయన్నాడు. పుట్టుక, రాక లోపలికి తెరుచుకునేవి. చావు, పోక బయటికి తెరుచుకునేవి. గుంపు పెరిగినా తరిగినా ఈ నాలుగింటి వల్లే. తిండీ, చోటూ, రోగాలూ, పాములూ, గుడ్లగూబలూ అన్నీ ఏదో ఒక తలుపును తోసేవో మూసేవో. ఈ సంగతి రాసి హైమవతి డిగ్రీ పరీక్షలో మార్కులు తెచ్చుకుంది. అయినా మొదటిసారి వింటున్నట్టు కళ్ళు పెద్దవి చేసుకుని విన్నది. కాపురమన్నాక తప్పుతుందా?

విషం పెట్టి ఎలుకల్ని చంపడం సోమసుందరానికి మొదటి నుంచీ నచ్చలేదు. సగం చస్తే మిగిలిన సగానికి తిండి రెట్టింపు, చోటు రెట్టింపు. కడుపునిండిన ఎలుకలు జోరుగా పిల్లల్ని పెడతాయి. పక్క చేలోవి ఖాళీ బొరియల్లో దిగిపోతాయి. చచ్చిన ఎలుకను తిని గుడ్లగూబ చస్తుంది. పంట కోతకొచ్చేసరికి ఎలుకలు మునుపటికన్నా ఎక్కువే ఉంటాయి. చావు తలుపు మీద ఎంత బాదినా లాభం లేదని, అతను పుట్టుక తలుపు గడియ కోసం వెతికాడు. అది ఎలుకల దగ్గరే దొరికింది. బొరియల్లో ఎలుకలు మరీ కిక్కిరిసినప్పుడు వాటి మూత్రంలో ఒక కొత్త వాసన పుడుతుంది. ఇక్కడ ఇక చోటు లేదు అని దాని అర్థం. ఆ వాసన తగిలితే ఆడవి పిల్లల్ని పెట్టవు, పడుచువి ఊరు విడిచి పోతాయి. ఆ వాసనను వేరుచేసి, కిక్కిరి అని పేరు పెట్టి, బంకలో కలిపి, గుళికలుగా కట్టడానికి పదేళ్ళు పట్టింది. గోదావరి రైతులకు కుండలో గడ్డి రాజేసి బొరియల్లోకి పొగ ఊదే అలవాటు ఉండనే ఉంది. ఆ గడ్డిలో ఒక గుళిక వేస్తే చాలు. చంపక్కర్లేదు. ఎలుకలే లెక్క చూసుకుని తగ్గిపోతాయి.

సోమవారం నాడు కేరేజీ పట్టుకుని హైమవతి పరిశోధన కేంద్రానికి వెళ్ళింది. మామూలుగా అటెండరు చేత పంపేదే. ఆ రోజు ఆమెకొక అనుమానం ఉంది.

కేంద్రం వెనక రేకులు పాతిన దొడ్లు రెండున్నాయి. రెండింట్లోనూ వడ్లు పోసి ఉన్నాయి. మొదటి దాంట్లో ఎలుకలు ఒకదాని మీదొకటి పడి తింటున్నాయి, తోసుకుంటున్నాయి, గడ్డిలో గూళ్ళు కడుతున్నాయి. రెండో దాంట్లో కిక్కిరి పొగ వేశారు. అక్కడ ఉన్నవి అయిదారే. చోటు బోలెడు, వడ్లు బోలెడు. అయినా ఒక్కొక్కటీ ఒక్కో మూల గోడకు ఒళ్ళు ఆనించి, మిగిలినవాటికి వీపు పెట్టి కూర్చుంది. ఒక ఆడ ఎలుక గడ్డిపరక నోట కరుచుకుని గూడు చోటికి వెళ్ళి, అక్కడ పెట్టబోయి, ఎందుకు తెచ్చానా అన్నట్టు వదిలేసి మళ్ళీ మూలకు పోయింది.

"చూశావా!" అన్నాడు సోమసుందరం గర్వంగా. "వాటికి ఏ హానీ లేదు. హాయిగా ఉన్నాయి."

"హాయిగా ఉన్నాయని అవి చెప్పాయా?"

"హైమా!"

"ఊరికే అడిగాను. ఇది మనుషుల మీద పని చెయ్యదు కదా?"

"ఎలుక ముక్కు వేరు, మన ముక్కు వేరు. ఇక్కడ మేమందరం రోజూ పీలుస్తూనే ఉన్నాం, ఏమైనా తేడా ఉందా?"

హైమవతి చుట్టూ చూసింది. ఒకాయన కిటికీ దగ్గర, ఒకాయన మెట్ల మీద, మరొకావిడ జీపులో కూర్చుని విడివిడిగా భోజనాలు చేస్తున్నారు. కానీ ఆ కేంద్రంలో వాళ్ళు ప్రమోషన్ల గొడవల వల్ల ఏళ్ళ తరబడి అలాగే తింటున్నారు కాబట్టి, దాన్ని రుజువుగా తీసుకోవడం న్యాయం కాదనిపించింది.

తిరిగి వస్తూ, బల్ల మీద రాలిన పలుకులు కొన్ని కొంగున ముడి వేసుకుంది. అది దొంగతనం అనిపించలేదు. ఎప్పుడైనా అవసరపడుతుందేమో అని మెంతులు దాచుకున్నట్టే అనిపించింది.

* * *

అవసరాలు వరసగా పడ్డాయి. మహిళామండలి సెక్రటరీ గారు కూర్చుంటే లేవరు. ఆవిడ వచ్చే వేళకు కుంపట్లో ఒక చిటికెడు వేస్తే చాలు, కాఫీ సగంలో వదిలేసి, "మీ ఇల్లు కాస్త ఇరుకమ్మా" అని లేచిపోయేవారు. ప్రతి ఆదివారం ఎలుకల మీద పద్యాలు వినిపించే రిటైర్డు తెలుగు మాస్టారు రెండో పాదానికే ఉత్తరీయం సర్దుకున్నారు. హైమవతికి మధ్యాహ్నాలు ఖాళీ దొరికాయి. పెళ్ళికి ముందు సగంలో ఆపిన నవలలు తీసింది. ఇల్లు సర్దిన చోట సర్దినట్టే ఉంటోంది. పొద్దున పెట్టిన కాఫీపొడి సాయంత్రానికి అలాగే ఉంటోంది. ఇంతకన్నా ఏం కావాలి?

తణుకు నుంచి సోమసుందరం చిన్నాన్న కొడుకు ఫోన్ చేశాడు.

"పట్టాభి అన్నయ్య మా ఇంట్లో పడ్డాడ్రా సోమూ. మూడు నెలలు మీరెలా పెట్టుకున్నారో గానీ మీకు చేతులెత్తి దణ్ణం పెట్టాలి. వదినగారు ఏ మంత్రం వేసి పంపారో కాస్త చెప్పరా బాబూ!"

అదే వారం కేంద్రానికి పక్క ఊరి రైతులు ట్రాక్టరేసుకు వచ్చి మొత్తుకున్నారు. ప్రయోగం చేసిన చేలల్లో ఎలుక లేదు సరే, తమ చేలల్లో ఇదివరకు ఎరగనన్ని దిగాయని. సోమసుందరం అది తాత్కాలికమన్నాడు. హైమవతి ఆ రెండు కబుర్లూ ఒకే పూట విని, పప్పు తాలింపు మాడబెట్టింది. పోక తలుపులోంచి వెళ్ళినవాడు గాల్లో కలిసిపోడు, ఇంకొకరి రాక తలుపులోంచి దూరతాడు. ఈ సంగతి డిగ్రీలో మార్కులకు రాసినప్పుడు ఇంత స్పష్టంగా అర్థం కాలేదు.

వేసవి వచ్చింది. దొరసాని ఏటా ఈ రోజుల్లో బియ్యం బస్తాల వెనక పిల్లల్ని పెట్టేది. ఈసారి కడుపుతో ఉన్నట్టే కనిపించి, మళ్ళీ మామూలుగా అయిపోయింది. అటక మీద ఒక్కతే పడుకుంటోంది. పక్కింటి మాణిక్యం రోజూ పెరటి గోడ దాటించి చేటెడు కబుర్లు చెప్పేది. తను కాస్తా గోడకు అవతలి వైపే గిన్నెలు తోముకుని లోపలికి పోతోంది. హైమవతి తనే గోడ దగ్గరికి వెళ్ళి పిలిచింది.

"ఏమే మాణిక్యం, కోపమా?"

"కోపమేంటండీ హైమగారూ. మీ గుమ్మం తొక్కితే గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుంటదండి. ఏమనుకోకండేం."

పొగ వేసి అప్పటికి పదిహేను రోజులు దాటింది. అంటే అది పోలేదు. గోడల సున్నంలో, పరుపుల్లో, చీరల మడతల్లో ఇంకిపోయింది.

హైమవతి తలుపులన్నీ తెరిచింది. చీరలు ఎండలో వేసింది. అప్పటికే ఆలస్యమైంది. ఆ మధ్యాహ్నం అచ్చాయమ్మ గారు తన సంచీ సర్దుకుని వచ్చి ముందుగదిలో నిలబడ్డారు.

"చెల్లెలింటికి పోతానే. కాలవ అవతల, ఎంత దూరం గనక."

"ఎన్నాళ్ళకి అత్తయ్యగారూ?"

"ఏమో. ఉండిపోతానేమో. ముసలిదాన్ని, నా ఊపిరి నాకు కావాలి. మీ ఇద్దరి మధ్యా నేనెందుకు, అడ్డంగా?"

ఇరవయ్యేళ్ళలో ఆవిడ ఆ ఇంట్లో "మీ ఇద్దరూ", "నేను" అని విడగొట్టి మాట్లాడటం అదే మొదలు. హైమవతి ఆపబోయి చెయ్యి పట్టుకుంటే, ఆవిడ నొప్పి పుట్టినట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నారు. తీసుకుని, తనే తెల్లబోయి, ఆ చేతిని చూసుకుంటూ ఆటో ఎక్కారు.

ఇల్లు నిశ్శబ్దమైపోయింది. ఆ ఇంటికి పుట్టుక తలుపు ఎప్పుడూ తెరుచుకోలేదు. దాని గురించి హైమవతి ఏడవాల్సిందేదో ఎప్పుడో ఏడ్చేసింది. తర్వాత ఆ ఇల్లు నిండుగా ఉందంటే రాక తలుపు పుణ్యమే. అచ్చాయమ్మ గారూ, మాణిక్యమూ, పద్యాల మాస్టారూ, ఆఖరికి పట్టాభి బావగారూ అందులోంచి వచ్చినవాళ్ళే. దానికి తన చేత్తో తనే గడియ వేసింది, అదీ కాసేపు నవల చదువుకుందామని. ఆ నవల కూడా బాలేదు.

* * *

జ్యేష్ఠంలో కాలవలకు నీళ్ళు వదులుతారు. తొలకరి పంట సార్వా నాట్లకు ముందే డెల్టా అంతా గుళికలు పంచాలని పైవాళ్ళ తొందర. దానికి అనుమతి ఇవ్వాల్సిన కమిటీ రెండు విడతలుగా వేండ్రపాలెం వచ్చి చూస్తుందని కబురొచ్చింది. సోమసుందరం కొత్త చొక్కా కుట్టించుకున్నాడు. పదేళ్ళలో అతను తన కోసం ఏదైనా కొనుక్కోవడం చూడలేదు హైమవతి. అందుకే చెప్పడం కష్టమైంది.

డెల్టాలో ఊళ్ళన్నీ గట్ల మీదే ఉంటాయి. బొరియలో ఊదిన పొగ ఇళ్ళ మీదుగానే పోతుంది. నడుం వంచి, భుజం భుజం రాసుకుంటూ, ఒకళ్ళనొకళ్ళు ఆటపట్టించుకుంటూ వరసగా నాట్లు వేసే ఆడవాళ్ళు ఆమె కళ్ళముందు కదిలారు. ఆ వరస విడిపోయి, మడికొకత్తె, అటు తిరిగి ఒకరూ ఇటు తిరిగి ఒకరూ.

"మీ గుళికలు పంచొద్దు," అంది. తర్వాత మొత్తం చెప్పింది. కొంగున ముడి వేసుకున్నదానితో సహా.

సోమసుందరం కలుపుతున్న అన్నం మీద చెయ్యి ఆపాడు.

"ఎన్నిసార్లు వేశావ్?"

"లెక్క పెట్టలేదు. సైంటిస్టు పెళ్ళాన్నే గానీ సైంటిస్టుని కాదుగా."

"ఒక పిల్లి, ఒక ముసలావిడ, పక్కింటి మనిషి. ఇది రుజువు కాదు హైమా. వేసవిలో ఎవరికైనా చిరాగ్గానే ఉంటుంది."

"సరే. మీరు వరండాలో ఎందుకు తింటున్నారు?"

అతను చేతిలో కంచం వైపు చూసుకున్నాడు. నిజమే, వరండాలోనే ఉన్నాడు. భార్య వంటింటి గుమ్మంలో ఉంది. మధ్యలో గదంత ఖాళీ.

"ఇక్కడ గాలి బావుంటుందని…"

"ఇరవయ్యేళ్ళు నా పక్కన పీట వేసుకుని తిన్నారు. అప్పుడు లేదా గాలి?"

సోమసుందరం కంచం కింద పెట్టాడు. అతని మొహం చూసి, చెప్పకుండా ఉంటే బాగుండేదనిపించింది ఆమెకు. కానీ అతను తలెత్తి అన్న మాట వేరు.

"కంట్రోల్ కావాలి."

"ఏం కంట్రోల్?"

"పొగ లేకుండా ఒకసారి, ఉండగా ఒకసారి. అదే మనుషులు, అదే ఇల్లు. పొగ తప్ప ఇంకేదీ మారకూడదు. కమిటీ రెండుసార్లు వస్తోందిగా. రెండుసార్లూ భోజనానికి పిలుద్దాం."

"వంట కూడా అదేనా?"

"వంట కూడా అదే. గుత్తివంకాయతో సహా."

"అంటే మీ ప్రయోగంలో కష్టమైన సగం నా వంటింట్లో పడిందన్నమాట," అంది హైమవతి. అన్నదే గానీ మనసు తేలికపడింది. ఇంటికి వెల్ల వేయించారు. పరుపులు దులిపి, దూది మార్పించి కుట్టించారు. చీరలన్నీ కాలవకు పంపి ఉతికించారు. వారం తిరిగేసరికి మాణిక్యం గోడ మీద నుంచి, "ఏంటండీ పెళ్ళా?" అని కేకేసింది.

మొదటి భోజనానికి డైరెక్టరు గారూ, ఆయన వెంట అధికారులూ వచ్చారు. నిజం సాంబ్రాణి వేశారు. వరసగా విస్తళ్ళు వేస్తే మోకాళ్ళు తగులుతున్నా ఎవరూ జరగలేదు. ఒకరి విస్తట్లో అప్పడం ఇంకొకరు లాక్కున్నారు. వ్యవసాయశాఖాయన చదువుకునే రోజుల్లో హాస్టల్ కోడిని ఎలా మాయం చేశాడో చెబితే డైరెక్టరు గారికి పొలమారింది. తిన్నాక అందరూ వరండాలో ఒకే చాప మీద వాలి, సాయంత్రం టీ తాగితే గానీ కదల్లేదు.

"మీ ఇంట్లో చల్లగా ఉందమ్మా. మళ్ళీ వస్తాం," అన్నారు డైరెక్టరు గారు.

"తప్పకుండా రండి," అంది హైమవతి మనస్ఫూర్తిగా.

మళ్ళీ వచ్చారు. అదే గుత్తివంకాయ, అవే విస్తళ్ళు. కుంపట్లో మాత్రం కిక్కిరి. మొదట వ్యవసాయశాఖాయన తన విస్తరి కాస్త పక్కకు లాక్కున్నారు. తర్వాత ఇంకొకాయన. డైరెక్టరు గారు, "ఇక్కడ ఉక్కగా ఉంది" అని విస్తరి ఎత్తుకుని వరండాలోకి పోయారు. కోడి దొంగ వ్యవసాయశాఖాయన నూతి చప్టా మీద కూర్చున్నారు. ఒకాయన మేడ మెట్ల మీద, ఒకాయన గేటు దగ్గర. ఎవరూ మాట్లాడలేదు. అందరూ గోడలకు వీపు ఆనించి, మిగిలినవాళ్ళకు పక్కకు తిరిగి గబగబా తింటున్నారు.

సోమసుందరం పెరటి గుమ్మంలో నిలబడి చూశాడు. విస్తళ్ళ మధ్య దూరం చూశాడు. అతని రేకుల దొడ్డి కళ్ళ ముందే ఉంది, పంచెలూ ప్యాంట్లూ తొడుక్కుని. పెరుగు వడ్డించకముందే వాళ్ళందరినీ వీధిలోకి, వేపచెట్టు కిందికి గాలిలోకి పిలిచి, ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు. గుళికలు పంచడానికి వీల్లేదని, తన సంతకం పెట్టనని తనే అన్నాడు.

డైరెక్టరు గారు కాసేపు ఊపిరి పీల్చుకున్నాక మండిపడ్డారు.

"అంటే మమ్మల్ని ఎలుకల్ని చేశారన్నమాట!"

"అయ్యో, ఎంతమాట! ఎలుకలకి గుత్తివంకాయ పెట్టలేదండి," అంది హైమవతి పెరుగుగిన్నెతో వచ్చి.

కోడి దొంగ ముందు నవ్వారు. తర్వాత వీధిలోనే నిలబడి, అందరూ ఒకే గిన్నెలోంచి పెరుగన్నం తిన్నారు. కిక్కిరిని ఊళ్ళకు దూరంగా ఉండే ధాన్యం గిడ్డంగుల్లో, మనుషులు లేనప్పుడు మాత్రమే వాడదామని తేలింది. చేలల్లో గట్టుకొక కర్ర పాతి గుడ్లగూబలకు కూర్చునే చోటివ్వాలని, ఊళ్ళన్నీ ఒకే రోజున బుట్టలు పెట్టి ఎలుకలు పట్టాలని సోమసుందరం కొత్తగా మొదలుపెట్టాడు. పదేళ్ళ పని ఒక భోజనంతో పోయింది. ఆ సాయంత్రం కొత్త చొక్కా విప్పి మడతపెడుతూ, "గుడ్లగూబల మీద ఎన్నేళ్ళు పడుతుందో," అన్నాడు. తర్వాత పీట తెచ్చి వంటింట్లో ఆమె పక్కన వేసుకున్నాడు. ఆమె వడ్డించింది.

* * *

మళ్ళీ వెల్ల వేయించాక అచ్చాయమ్మ గారి కోసం హైమవతి కాలవ దాటి వెళ్ళింది. ఆవిడ అరుగు మీదే కూర్చుని ఉన్నారు, సంచీ పక్కనే.

"వచ్చావా తల్లీ! ఇక్కడికొచ్చిన రెండోనాడే బుర్ర తేరుకుందే. ఎందుకొచ్చేశానా అనుకున్నా. పిలవకుండా రావడానికి మొహం చెల్లలేదు. మా చెల్లెలు నేనేమన్నా సరేనంటుందే! ఎదురు చెప్పదు. మనిషి ఎలా బతుకుతుంది అలా?"

"నేనే సాంబ్రాణి మార్చాను అత్తయ్యగారూ," అని హైమవతి జరిగింది చెప్పింది.

అచ్చాయమ్మ గారు కళ్ళు చిన్నవి చేశారు.

"నన్నెళ్ళగొట్టడానికా?"

"మహిళామండలి సెక్రటరీ గారిని. మీరు దారిలో ఉన్నారు."

ఆవిడ ఆటోలో ఇంటి దాకా తిట్టారు. హైమవతి చెయ్యి మాత్రం వదల్లేదు.

శ్రావణంలో దొరసాని పిల్లల్ని పెట్టింది. బియ్యం బస్తాల వెనక కాదు, ముందుగదిలో కిటికీ కింద, ట్రంకుపెట్టె ఉండే చోట. వాటి కళ్ళు తెరుచుకుంటున్న రోజుల్లోనే, ఒక వాన వెలిసిన పొద్దున, గుమ్మంలో అదే ట్రంకుపెట్టె దిగింది.

"తణుకులో వాళ్ళకి నా మీద అభిమానం తక్కువమ్మా," అన్నారు పట్టాభి బావగారు గొడుగు ముడుస్తూ. "రెండు రోజులుండి వెళదామని. అరే, నా చోట్లో పిల్లులున్నాయే!"

"నీ చోటేమిట్రా, రాసిచ్చారా?" అన్నారు అచ్చాయమ్మ గారు లోపల్నుంచి, చాలా రోజులకు గట్టిగా పోట్లాడే మనిషి దొరికిన ఉత్సాహంతో.

"కాస్త జరిగితే సరిపోతుందండి బావగారూ," అంది హైమవతి.

ఆ రోజు శనివారం. కుంపట్లో నిప్పులు సిద్ధంగా ఉన్నాయి. హైమవతి చింతపండు జాడీ వెనక్కి చెయ్యి పెట్టింది. అక్కడ ఒక అగ్గిపెట్టె ఉంది. అందులో పసుపుపచ్చటి పలుకు ఒకటి, ఆఖరుది. దాన్ని కాసేపు చూసింది. ముందుగదిలోంచి వంకాయ గొప్పదా కాకరకాయ గొప్పదా అన్న వాదన వినిపిస్తోంది. మాణిక్యం గోడ దిగి వచ్చి అందులో చేరింది. పద్యాల మాస్టారి దగ్గు వీధి మలుపులో వినిపించింది.

అగ్గిపెట్టె మూసి, మళ్ళీ జాడీ వెనక్కి తోసింది. పారెయ్యలేదు. వాడదామనీ కాదు. ఇల్లాలన్నాక ఆ మాత్రం ధీమా ఉండాలి. నిప్పుల మీద సోమసుందరం ఈసారి మరవకుండా తెచ్చిన సాంబ్రాణి వేసింది. ఎసట్లో ఇంకో గ్లాసు బియ్యం పోసింది.

"ఏం వాసనమ్మా హైమవతీ!" పట్టాభి బావగారి గొంతు ఇల్లంతా మోగింది. "ఈ వాసన పీలుస్తుంటే దీపావళి దాకా ఉండిపోవాలనిపిస్తోంది!"

హైమవతి ఒక్క క్షణం చింతపండు జాడీ వైపు చూసింది. తర్వాత ఇంకో గ్లాసు బియ్యం పోసింది.